తప్పు కిలీనరుది

మాఘము కడచి ఫాల్గునము కాలూనుచున్న దినములలో బేతంచెర్ల చుట్టుపట్ల నున్న నాపఱాతి గనులపై సూర్యుఁ డుదయించుట తక్కిన సీమలందువలె వెలుఁగు వచ్చుట మాత్రము కాదు. వేకువచలికి మొద్దువాఱియున్న బూడిదవన్నె పలకలు తొలికిరణము సోఁకఁగానే యొక్కొక్కటియు పొయ్యిమీఁది పెనమువలె నెమ్మదిగాఁ గాఁకపట్టి జాముప్రొద్దెక్కునప్పటికి పాదము మోపనీయనివై యుండును. శనగ కోసిన నల్లఱేగడి చేలు దాహముగొన్న నోళ్ళవలె నెఱ్ఱెలు విచ్చియుండ గట్లమీఁది మోదుగులు ఆకు రాల్చి నిప్పువన్నె పూవులు తొడిగియుండ ఱాతిపొడి కలసిన గాలి మనుష్యుల కనుబొమలను వయసు మించి నెరయించుచు వీచుచుండెను. అట్టి యొక యాదివారపుటుదయమున పదియేండ్లుగా పనిలేక నీరు నిలిచి పాడువడిన పెద్దగుంత యను గని గట్టున షామియానాలు లేచెను. మైకులు కట్టఁబడెను. ఆఱు ముదుసలి లారీలు బంతిపూల దండలు దాల్చి పెండ్లికి వచ్చిన పెద్దలవలె వరుసగా నిలిచెను.

ఆసీమవారికి పందెమన్న నెద్దులచే బండ లాగించుటయే. ఆయేఁడు లారీల యజమానుల సంఘమువా రెద్దులకు బదులు గనులలో ముదిసిన లారీలతోఁ బరుగు నడపుదమని తలంచిరి. బాట లేనిచోట బండి నడపుటయే పందెము. గట్టునుండి యేటవాలుగా గుంత యడుగునకు దిగి పలకముక్కల గుట్టల నడుమ మెలికలు తిరిగి కడపట నొక యిఱుకుసందులోఁ జొరవలయును. అందు మరలుటకుఁ జోటు లేదు కావున వెనుకకే నడచి మోఁకాలిలోఁతు బురద దాఁటి యటనుండి యెదుటిగట్టెక్కి జెండాఁ జేరవలయును. లారీకి నొక డ్రైవరును నొక కిలీనరును మాత్రమే యుండవలయును. ఎవరు పట్టిన కాలమును వారికి గడియారముతో లెక్కింతురు. పరుల బండిచే లాగించుకొన్నవారు పందెమునుండి తొలఁగినట్లే.

ఆఱవ లారీ సుంకులమ్మది. ఆమెకు నలువదియైదేండ్లు. తండ్రియైన నడిపెన్న యాలారీని కొన్ననాఁ డామె లంగా కట్టెడు పిల్ల. కొడుకులు లేని యాతఁడు కూఁతును ప్రక్కసీటులోఁ గూర్చుండఁబెట్టుకొని గనులలోనే పెంచి పదునెనిమిదవయేట స్టీరింగు చేతికిచ్చి యిరువది నిండిన పిమ్మట పట్టుపట్టి పెద్దబండ్ల లైసెన్సు తెప్పించెను. తరువాత నామెను తిరుపాలు పెండ్లాడెను. తిరుపాలునకు ఱాళ్ళు కొట్టుట వచ్చును గాని బండి నడపుట రాదు. ముందుకును వెనుకకును నడపుట యతనికి గనిలో నేర్పినది సుంకులమ్మయే. నేర్చిన దినమునుండి డ్రైవరతఁడు. నేర్పినది కిలీనరు. పెద్దలు గూర్చుండి తీర్చిన తీర్పు కాదది. ఎవరును పెట్టకయే యింటిలో నీళ్ళచెంబున కొక చోటు కుదిరినట్లు కుదిరినది. లైసెన్సు మాత్రము రేషనుకార్డుతోఁ గూడ నొక ప్లాస్టికు సంచిలోఁ బడియుండి గడువు తీఱినప్పుడెల్ల నామెచేతనే మరలఁ జెల్లుబడి చేయింపఁబడుచు నెన్నఁడును వెలుఁగు చూడక యుండెను.

కిలీనరు పని వినుటకుఁ దేలిక. బండి వెనుకకు నడచునప్పుడు వెనుక నిలిచి దారి చూచుచు తొట్టిమీఁద నఱచేతితోఁ జఱచుటయే. రెండు చఱుపులు రమ్మనుటకు. ఒక చఱుపు నిలుమనుటకు. ఇదియే నడిపెన్న కూఁతునకుఁ జెప్పిన మొదటిపాఠము.

“ఒక్కటి పడితే ఆపాల. యేంటికని అడగొద్దు. నీ కండ్లు ముందరుండాయి, వాని కండ్లు యెనకుండాయి” అని యతఁడు పలుమాఱు చెప్పుచుండెను. ఒకనాఁ డామె యేమిటికని తలద్రిప్పి యడుగునంతలో వెనుకచక్రము క్రింద నొక కూలివాని సద్దిక్యారియరు రొట్టెవలె నణఁగిపోయెను. దానికి జానెఁడు దూరమున నాకూలివాఁడు పండుకొని నిద్రించుచుండెను. ఆదినము మొదలు సుంకులమ్మ చెవిని ఒక చఱుపు పడెనా ఆలోచనకంటె ముందు కాలు బ్రేకుమీఁదఁ బడుచుండెను.

తిరుపాలు దుష్టుఁడు కాఁడు. కల్లు త్రాగఁడు. చేయి యెత్తఁడు. భార్య వండినదానికి వంక పెట్టఁడు. అయినను బండికి గీఱ పడినప్పుడెల్ల నతని నోట వెడలునది యొకే మాట. నంద్యాల బాటలో వేపకొమ్మ తగిలి యద్దము పగిలినప్పుడు తప్పు కిలీనరుది. బడిగోడ మూల రాలినప్పుడు తప్పు కిలీనరుది. నడుమ నొకతూరి యతఁడు రేడియోపాట వినుచు రెండు చఱుపులను వినక యొక చఱుపును వినక తిన్నగాఁ బోయి కరెంటు స్తంభమును గ్రుద్దినను తప్పు కిలీనరుది. లారీలోకమున డ్రైవరు లందఱు ననెడు మాటయే యది. వినువారు నవ్వుదురు. ఆకిలీనరు భార్యయని తెలిసినవారు మఱికొంత నవ్వుదురు. సుంకులమ్మ పదిమందిలో మాఱుమాట యాడదు. అట్టి సాయంకాలములందు మాత్ర మామె జొన్నరొట్టెలు చఱచు చప్పుడు వీథి చివఱవఱకు వినఁబడుచుండెను.

గడచిన దీపావళిముందఱ పలకలు దింపుచు తిరుపాలు కుడిభుజము జాఱెను. ఎముక కట్టువాఁడు కట్టెను. కట్టు విప్పినను గనిబాటలో నాపాతలారీ స్టీరింగు త్రిప్పు బలము చేతికి రాలేదు. లారీకిని వయసు చెల్లెను. వేసవి దాఁటఁగానే దానిని విప్పి యినుపకొట్టున కీయవలయునని యిద్దఱు నొప్పుకొనిరి. అట్టితఱిఁ బందెపు వార్త వచ్చెను. తిరుపాలు బయటి డ్రైవరు నొకనిఁ బిలుతమనెను. సుంకులమ్మ లోనికిఁ బోయి ప్లాస్టికు సంచి తెచ్చి యతని ముందఱ విప్పెను. ఆమె కొక్కటే కోరిక. ఆబండి మరణించులోపల నామె దానిని నడపి జెండా దాఁటవలయును. దాఁటినప్పుడు మైకులో నాలుగూళ్ళు వినునట్లు డ్రైవరు సుంకులమ్మ యని యొకమాఱు పలుకవలయును. ఆమాట భర్తతో నామె చెప్పినది. అతఁడు తలయూఁచెను. తలయూఁపున కర్థ మేమో యామెకు నెలదినములు తెలియలేదు.

ఆనెలదినములును ఱాతిపొడి పంటిక్రిందఁ బడినట్లు గడచెను. బండ్లు బాగుచేయు కాశీం మేస్త్రి వచ్చి కమానుపట్టీలు చేర్చి బండి నెత్తు చేసెను. నీరు చొరకుండ పొగగొట్టమును పైకి వంచెను. సుంకులమ్మ ప్రశ్న లడుగును. మేస్త్రి యుత్తరములు తిరుపాలుతోఁ జెప్పును. బురదకు చక్రములలో గాలి తగ్గింపవలయునని యామె యనినప్పు డాతఁడు వినలేదు. గడియసే పైన పిమ్మట తిరుపాలు అదేమాట ననఁగా మంచి యాలోచన యని మెచ్చుకొనెను. పాతగనిలో నలవాటునకై బండి నడపునప్పుడు తిరుపాలు ప్రక్కసీటులోఁ గూర్చుండి క్లచ్చు క్లచ్చు నని యఱచును. ఎడమకాలితో నేలను తానే త్రొక్కును. ఆమె నేర్పిన విద్యనే యామెకు మరల నేర్పుచున్నానని యతనికి స్ఫురింపలేదు.

ఆమె కోరినది యొక్కటే. వెనుక నిలిచి చఱచుట నతఁ డభ్యసింపవలయును.

“కొట్టేది ఒకసారి అలవాటు చేసుకోయ్యా. యెనక నిలబడేది నువ్వు” అనెను.

“ఇరవై ఏండ్లు యిన్నోన్ని. అదేమన్నా పెద్ద సదువామ్మే” అని తిరుపాలు చాయ త్రాగఁ బోయెను.

రెండవమా ఱడిగినప్పుడు భుజము నొప్పి యనెను. మూఁడవమా ఱడిగినప్పు డతఁడింటనే లేఁడు. లారీ మొగమునకుఁ గట్టుటకై కోడెల మెడపట్టెడ నొకదానిని గజ్జెలతోఁగూడ సంతనుండి కొని తెచ్చుచుండెను. చెవికి వినికిడి యుండిన చేతికి విద్య వచ్చినదని నమ్మువారిలో నాతఁ డొకఁడు. అట్టివారు పెక్కండ్రు.

తిరుపాలు తమ్ముఁడు మద్దిలేటి యెద్దుల పందెములలో మైకు పట్టుటకుఁ బేరుపడినవాఁడు. ఈపందెమునకును మైకతనిదే. పందెపునాఁ డుదయమున నతఁడు వదినెం జూచి పదుగురు వినునట్లు పరిహాస మాడెను.

“వదినా, బండి నువ్వు తోలుతావు సరే. మాయన్నకు మధ్యాన్నం సంగటి యెవురు గెలుకుతారు?”

“మీయన్నే గెలుకుతాడు. వంట కిలీనరే గదా చేసేది లారీల్లో” అని సుంకులమ్మ బదులు చెప్పెను. గుంపు నవ్వెను. తిరుపాలు కూడ నవ్వెను గాని యాతని నవ్వొక యడుగు వెనుకఁబడి వచ్చెను.

ఆమెకంటె ముందఱ నైదులారీలు పరుగెత్తెను. రెండు బురదలోఁ గూలఁబడెను. ఒకదాని యిరుసు విఱిగెను. జెండాఁ జేరిన రెంటిలో మేలైనదానికి పదునొకండు నిమిషములు పట్టెను. ఆఱవవంతు రాఁగానే నాలుగుచక్రముల క్రింద నిమ్మకాయ లుంచవలసి వచ్చెను. ఏ డ్రైవరునకైన నవి పెట్టునది భార్య. భార్యయే డ్రైవరైనప్పు డెవరు పెట్టుదురను చింత యెవరికిని గలుగలేదు. సుంకులమ్మ సీటు దిగి కొంగున ముడిచి తెచ్చుకొన్న కాయలను తానే పెట్టి మరల నెక్కి కూర్చుండెను. అంతలో మైకు మ్రోగెను. ఆరో నెంబరు లారీ మాయన్న తిరుపాలుది యని మద్దిలేటి చాటెను. డ్రైవరు పేరు చెప్పలేదు. డ్రైవరు పేరు చెప్పుమని తిరుపాలు కిటికీలోనుండి చేయి యెత్తి సైగచేసెను. కాగితములో నట్లే యున్నదనియు జెండాకడఁ జెప్పెదననియు మద్దిలేటి బదులు సైగచేసెను. సుంకులమ్మ గేరు వైచెను.

తరువాతి యాఱునిమిషములు పెద్దగుంత యెన్నఁడును చూడనివి. ఏటవాలున బ్రేకు త్రొక్కక రెండవగేరులోనే బండి నోపికగా దింపి గుట్టల నడుమ నింటిలో కావడితోఁ దిరుగు మనుష్యునివలె నిటునటు తగులకుండఁ ద్రిప్పి యామె యిఱుకుసందులోనికిఁ జొచ్చినప్పుడు షామియానా క్రింద నున్నవారు లేచి గట్టంచునకు వచ్చిరి. క్లచ్చను మాట తిరుపాలునకు మఱపు వచ్చెను. సందు కొసను బండి యాఁగినది. గడియారము నడచుచునే యున్నది. తిరుపాలు దిగి వెనుకకుఁ బరుగెత్తెను. ఇట వెనుక నేమున్నదియు డ్రైవరునకుఁ గానరాదు. అద్దములు ఱాతిపొడిచే గ్రుడ్డివి. మిగిలిన వామె చెవులు. అతని చేయి.

రెండు చఱుపులు పడెను. ఆమె కదలెను. మరల రెండు. బండి సందు వెడలి వెనుకచక్రములతో బురదం జొచ్చెను. గాలి తగ్గించిన చక్రములు ముద్దను వెడల్పుగాఁ బట్టికొని జాఱక క్రమముగా సాగుచుండెను. సగము దాఁటెను. అంతకుముందు రెండు బండ్లు కూలఁబడిన చోటును దాఁటెను. ఇఁక మూఁడుబారల దూరమున గట్టినేల. బురద నోర్చి తనవంకకు వచ్చుచున్న యాబండిం జూచి తిరుపాలునకుఁ దన చిన్ననాఁటి పందెములు కన్నులఁ గట్టెను. బండ నీడ్చుచు కడపటి బారలో మోఁకాళ్ళపై వంగిన కోడెను రైతు వెన్నుమీఁద నొక్క యఱచేతి దెబ్బతో లేపుట యతఁడు వేయితూరులు చూచినది. లోన పొంగివచ్చిన సంతోషమున నతఁడు పాతలారీ తొట్టిమీఁద బలమంతయుఁ బెట్టి యొక్క చఱుపు చఱచెను.

ఒక్కటియే.

సుంకులమ్మ కాలు బ్రేకుమీఁదఁ బడెను. బండి నిలిచెను. కదలుచున్నంతసేపు మోసిన బురద నిలువఁగానే మ్రింగ మొదలిడెను. ఆమె రెండవచఱుపునకై చెవి యొగ్గి వేచియుండెను. అది రాలేదు. వెనుక నెవరో పండుకొని యున్నారేమోనని యామె బ్రేకుమీఁది కాలు తీయలేదు. ఇరుసు బురదలో మునిఁగెను. అప్పటికి తిరుపాలు తలుపుకడకు వచ్చెను.

“యేంటికాపినావు?”

“నువ్వు కొట్టినావు.”

“అది పొమ్మని కొట్టినా గదమ్మే.”

“ఒక్కటి కొట్టినావు.”

అతఁడు తన యఱచేయిం జూచుకొనెను. బురదపడిన యాచేతిలో నేదో వ్రాసియున్నట్లు చాలసేపు చూచెను. గట్టుమీఁదఁ బదునొకండు నిమిషములు నిండెనని మైకు చాటెను.

సంఘమువారు ట్రాక్టరు దింపి లాగుదు మనిరి. సుంకులమ్మ వలదనెను. పలకముక్కలు మోసితెచ్చి చక్రముల క్రింద నొక్కొక్కటిగాఁ జొప్పింప మొదలిడెను. తిరుపాలు ఎడమచేతితో మోసెను. అతఁడు తెచ్చిన ముక్క పలుచనిదైన నామె యవతలఁ బాఱవైచును. అతఁడు మఱియొకటి తెచ్చును. కోపమున కంతకంటె భాష యక్కఱలేకపోయెను. గంటన్నర యయ్యెను. గట్టున బహుమాన మీయఁబడెను. గుంపు షామియానా క్రింద భోజనములకుఁ గూర్చుండెను. అప్పటి కాబండి కడపట పలకలపైఁ గాలూని మూల్గి లేచి బురద వెడలెను. సుంకులమ్మ దానిని త్రిప్పి గట్టెక్కించెను. జెండా యింకను నిలిచియుండెను గాని దానికడ నిలుచువారు లేరు. ఆమె దానిని దాఁటెను. ఎద్దుగజ్జెలు తప్ప మఱేమియు మ్రోగలేదు.

ఇంజను చప్పుడు విని మద్దిలేటి మైకు తీఁగ నీడ్చుకొనుచు వచ్చెను. భోజనములవారికి నవ్వులు వడ్డింపవలయునని యాతని యుద్దేశము. అన్న మోముకడ మైకు పెట్టెను.

“చెప్పన్నా, యేమాయె అంత బాగ వస్తా వస్తా?”

తిరుపాలు చెమటయు బురదయుఁ గలసిన మొగముతో నొకసారి భార్యం జూచెను. అతఁ డబద్ధ మాడఁదలఁపలేదు. ఆదినమున జరిగినదానిని జరిగినట్లే చెప్పఁదలఁచెను. కాని యిరువదియేండ్లుగా నాసత్యమున కతని నోట నొకే రూపముండెను. ఆరూపముననే యది వెలువడెను.

“తప్పు కిలీనరుది.”

ఆమాట నాలుగు గొట్టములందుఁ జొచ్చి పెద్దగుంత యంతయు మ్రోగి గుట్టలకుఁ దగిలి మరలి వచ్చి యావలి యూళ్ళకుఁ బోయెను. షామియానా క్రింద నవ్వు భళ్ళుమనెను. చూచినారా ఈనాఁడు కూడ వదినెమీఁదికే త్రోసినాఁడని మద్దిలేటి వ్యాఖ్యానము చేసెను. స్టీరింగుకడఁ గూర్చున్నది యామెయని కన్నులారఁ జూచినవారు కూడ నవ్విరి. కిలీనరనఁగా నామెయే యని వారి చెవుల కలవాటు. వారు చూచినదానిని వినినది తుడిచివైచెను.

సుంకులమ్మ సీటులోనుండి కదలలేదు. చేతులు స్టీరింగుమీఁదనే యుండెను. ఆమె భర్తవంకఁ జూచెను. తిరుపాలు నవ్వుచున్న గుంపువంకఁ దిరిగి తన మాట యెటు పోయి యెవరికిఁ దగిలెనో యప్పటికి గ్రహించి తమ్ముని చేతిలోని మైకును లాగికొనెను.

“కిలీనరు నేను” అనెను. “బండి తోలింది మీ వదిన. తప్పు నాది.”

అతఁడు నోరు విప్పునంతలోనే షామియానావెనుక జనరేటరు నాఁపివైచిరి. మైకు ఇనుపముక్క యయ్యెను. ఆమాట మద్దిలేటి వినెను. తీఁగలు చుట్టువాఁ డొకఁడు వినెను. సుంకులమ్మ వినెను. మద్దిలేటి తలగోఁకికొని యెవరిదైతే నేమి లేయన్నా భోజనమునకు రండని వెడలిపోయెను.

“మైకున్నప్పుడు చెప్పింటే బాగుండు” అని సుంకులమ్మ యనెను. ఆమె భోజనమునకును దిగలేదు.

వారు తమ వీథిం జేరునప్పటికి ప్రొద్దు వాలుచుండెను. వార్త ముందుగానే చేరియుండెను. ఎదుటియింటి పెద్దక్క వాకిట బియ్యము చెఱుగుచు తల యెత్తి యేమమ్మా సుంకులూ తప్పంతా నీదేనంట గదా యని పలుకరించెను. తిరుపాలు ఎడమతలుపు తెఱచుకొని దిగెను.

“కిలీనరు నేనక్కా. ఒక్కటి కొట్టి నేనే ఆపిచ్చినా” అనెను.

ఆమె పరిహాస మనుకొని నవ్వెను. నవ్వుచునే స్టీరింగుకడఁ గూర్చున్నదాని నొకసారియు నేలమీఁద నిలిచినవాని నొకసారియుఁ జూచెను. చేట యాఁగెను. నవ్వు కూడ నాఁగెను.

బండిని వెనుకకు నడపి ప్రహరిలోనికిఁ జేర్పవలయును. తిరుపాలు వెనుకకుఁ బోయి నిలిచెను. సుంకులమ్మ గేరు వైచి వేచియుండెను. రెండు చఱుపులు పడెను. వేగిరపాటు లేక సమముగాఁ బడెను. ఆమె కదలెను. మరల రెండు. మరల రెండు. పిదప నొక్కటి. ఆమె కాలు తనంతఁ దానే బ్రేకు నొక్కెను. ఆమె దిగి వెనుకకుఁ బోయి తొట్టికిని గోడకును నడుమ చేయి చాఁచి కొలిచెను. జానెఁడున్నది. కొంగు దులుపుకొని లోనికిఁ బోయి పొయ్యి రాఁజేసి రొట్టెపిండి కలిపెను. తిరుపాలు తొట్టిమీఁద నఱచేయి యానించి చీఁకటి పడువఱకు నట్లే నిలిచియుండెను.

నింద మైకెక్కి యొక్క నిమిషములో నాలుగూళ్ళు తిరిగి వచ్చును. నిజమునకు గొట్టములు లేవు. అది కాలినడకను గడపగడపకుఁ బోయి నిలిచి నవ్వించుకొని నమ్మించుకొనవలయును. ఆసాయంకాలమున కది యొక్క గడప దాఁటెను.